బడి గోడ మీద ఎనిమిది బొమ్మలు: ఎవరివి వేయాలి, కింద ఏ అంకె రాయాలి?

డ్రిల్లుమాస్టారు · ఆదివారం, ఉదయం 6:50

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల. ఆటస్థలం వైపు ప్రహరీకి మొన్ననే సున్నం వేయించాం. స్తంభానికీ స్తంభానికీ మధ్య ఎనిమిది గళ్లు వచ్చాయి. వాటిలో ఎనిమిది మంది తెలుగు క్రీడాకారుల బొమ్మలు వేయించాలని నా కోరిక. రంగుల ఖర్చు పూర్వ విద్యార్థి ఒకాయన భరిస్తానన్నారు. ఆర్టిస్టు బుధవారం వస్తాడు. ఒక్కొక్క బొమ్మ కింద ఒకే వరుస పడుతుంది: పేరు, పక్కన ఒక అంకె. అంతకు మించి చోటు లేదు.

పిల్లలను అడిగితే ఆరుగురు క్రికెటర్ల పేర్లు చెప్పారు. ఒకడు సిరాజ్ పేరు రెండుసార్లు చెప్పాడు. నేను ఖాయం చేసుకున్నది కరణం మల్లీశ్వరిని ఒక్కరినే. మాది ఆమె జిల్లా, అందులో మార్పు లేదు. మిగతా ఏడుగురినీ మీరు చెప్పండి, అంకెలతో సహా.

గోదారిగట్టు · ఆదివారం, 7:25

ఇందులో ఆలోచించేది ఏముంది మాస్టారూ! సింధు, గోపీచంద్, శ్రీకాంత్, మా అమలాపురం సాత్విక్. సాత్విక్ బొమ్మ కింద 565 అని రాయించండి. గంటకు 565 కిలోమీటర్ల వేగంతో స్మాష్ కొట్టి గిన్నిస్‌కు ఎక్కాడు. పిల్లలకు నచ్చే అంకె అది. చిరాగ్ శెట్టితో కలిసి 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల స్వర్ణం కూడా తెచ్చాడు.

నల్లగడి · ఆదివారం, 7:40

గోడంతా షటిల్ కాక్‌లతో నింపేస్తారా ఏమిటి?

పాతపేపరు · ఆదివారం, 9:05

గోపీచంద్ గురించి ఒక మాట. నాకు పాత దినపత్రికల క్రీడా పేజీలు దాచుకునే జబ్బు ఉంది. ఇంట్లో రెండు ట్రంకు పెట్టెలు నిండాయి. వాటిలో నేను ఎక్కువసార్లు బయటికి తీసేది 2001 మార్చి రెండో వారం కట్ట.

మార్చి 11, ఆదివారం. బర్మింగ్‌హామ్‌లో గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ ఫైనల్లో చెన్ హాంగ్‌ను 15-12, 15-6తో ఓడించాడు. అంతకు ముందు సెమీస్‌లో పీటర్ గేడ్‌ను ఓడించాడు. 1980లో ప్రకాశ్ పడుకోన్ తర్వాత ఆ టైటిల్ గెలిచిన భారతీయుడు ఇతనొక్కడే, ఇప్పటికీ మూడో పేరు లేదు. సరిగ్గా అదే రోజు కోల్‌కతాలో ఆస్ట్రేలియాతో టెస్టు మొదలైంది, హర్భజన్ హ్యాట్రిక్ తీశాడు. ఆ వారమంతా దేశం చూపు ఈడెన్ గార్డెన్స్ మీదే. మార్చి 14న రోజంతా ఒక్క వికెట్ పడకుండా ఆడినవాళ్లు లక్ష్మణ్, ద్రవిడ్. 15న గెలిచాం.

అంటే హైదరాబాద్‌లో ఎదిగిన ఇద్దరు మనుషులు, గోపీచంద్, లక్ష్మణ్, ఒకే వారంలో తమ జీవితంలో అన్నిటికన్నా పెద్ద పని చేశారు. ఒకరి పని మరొకరి నీడలో పడిపోయింది. 281 అంటే ఎవరిదో మా మనవడికి కూడా తెలుసు, 15-12, 15-6 అంటే తెలియదు. అందుకే మాస్టారూ, ఆ రెండు బొమ్మలు పక్కపక్క గళ్లలో వేయించండి. రెండిటి కిందా తేదీలు రాయించండి, స్కోర్లు వద్దు.

ఫాలోఆన్ · ఆదివారం, 9:50

పాతపేపరు గారి మాట బాగుంది కానీ లక్ష్మణ్ కింద 281 లేకపోతే నేను ఒప్పుకోను. తొలి ఇన్నింగ్స్‌లో 274 పరుగుల వెనకబాటు, ఫాలోఆన్, అంటే వెంటనే మళ్లీ బ్యాటింగ్‌కు దిగాల్సి వచ్చింది. మొదటి ఇన్నింగ్స్‌లో ఆరో స్థానంలో వచ్చి 59 చేసిన మనిషిని రెండోసారి మూడో స్థానంలో పంపారు. 452 బంతులు, 44 ఫోర్లు. ద్రవిడ్‌తో 376 భాగస్వామ్యం. అప్పటి దాకా భారతీయుడి అత్యధిక స్కోరు గావస్కర్ 236. ఫాలోఆన్ ఆడి టెస్టు గెలవడం చరిత్రలో అది మూడోసారి మాత్రమే.

ఇంకో సంగతి: 134 టెస్టులు, 8,781 పరుగులు చేసిన ఈయన వన్డే ప్రపంచ కప్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. పిల్లలకు ఇది చెప్పండి. జట్టులో పేరు లేదని అలిగే కుర్రాళ్లు ప్రతి బడిలోనూ ఉంటారు.

పొరుగూరు · ఆదివారం, 11:15

పేర్ల కన్నా ముందు ఒక ప్రశ్న. "తెలుగు క్రీడాకారుడు" అంటే ఎవరు? సైనా పుట్టింది హిసార్‌లో. సానియా పుట్టింది ముంబైలో. మిథాలీ జోధ్‌పూర్‌లో, పైగా తమిళ కుటుంబం. షూటర్ గగన్ నారంగ్ చెన్నైలో. మరోవైపు తెలుగు కుటుంబంలో పుట్టిన సి.కె.నాయుడు పెరిగింది నాగ్‌పూర్‌లో, ఆడింది ఇండోర్‌కు. 1926లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద 11 సిక్సర్లతో 153 కొట్టిన మనిషి, 1932లో లార్డ్స్‌లో భారత తొలి టెస్టు కెప్టెన్. ఆయన్ను కలుపుకుంటారా? కలుపుకుంటే ఏ లెక్కన?

చార్మినార్‌చాయ్ · ఆదివారం, 11:40

పుట్టిన ఊరు చూసుకుంటూ పోతే సగం గోడ సున్నంతోనే మిగులుతుంది. ఎక్కడ చెమట పోసి నేర్చుకున్నారో అదే వాళ్ల ఊరు. మిథాలీ బ్యాటు పట్టింది సికింద్రాబాద్‌లో. 19 ఏళ్లకే టాంటన్‌లో ఇంగ్లండ్ మీద 214 చేసింది, అప్పటికి మహిళల టెస్టుల్లో ప్రపంచ రికార్డు అది. వన్డేల్లో 7,805 పరుగులు. 1999 నుంచి 2022 దాకా ఆడింది! ఆమె మొదలుపెట్టినప్పుడు మహిళల క్రికెట్ చూసేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. 2025లో మన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ప్రపంచ కప్‌లో 14 వికెట్లు తీసినప్పుడు ఊళ్లలో తెరలు కట్టి చూశారు. ఆ దారి వేసింది ఎవరు?

ఇక నేను పట్టుబట్టే పేరు వేరు. రహీం సాబ్. సయ్యద్ అబ్దుల్ రహీం, మా హైదరాబాద్ మనిషి. ఆయన కోచ్‌గా ఉన్నప్పుడే భారత ఫుట్‌బాల్ 1951 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి వెళ్లింది. 1962లో జకార్తాలో మళ్లీ స్వర్ణం. ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1. తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ముందుకు పంపి గోల్ కొట్టించాడు. అప్పటికే ఆయనకు క్యాన్సర్. మరుసటి ఏడాది జూన్‌లో పోయారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తర్వాత మనకు స్వర్ణం రానే లేదు. ఆటకు ముందు ఆయన వృత్తి ఏమిటో తెలుసా మాస్టారూ? బడిపంతులు.

డ్రిల్లుమాస్టారు · ఆదివారం, మధ్యాహ్నం 1:30

చార్మినార్‌చాయ్ గారూ, ఆఖరి మాటతో నన్ను పడగొట్టారు. కోచ్ బొమ్మ వేయాలన్న ఆలోచనే నాకు రాలేదు. రహీం గారు ఖాయం.

పొరుగూరు గారికి: నాయుడు గారి విషయంలో మీ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. అయితే క్రికెట్‌కు రెండు గళ్లకు మించి ఇవ్వను, ఆ రెండూ నిండిపోయేటట్టు ఉన్నాయి.

నల్లగడి · ఆదివారం, 3:10

చదరంగాన్ని ఒక్కరూ తలవలేదు. పొద్దున్నుంచి చూస్తున్నాను.

గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో గ్రాండ్‌మాస్టర్ అయింది. వయసు 15 ఏళ్ల 1 నెల 27 రోజులు. మహిళల్లో అప్పటిదాకా అంత చిన్న వయసులో అయినవారు లేరు, జూడిట్ పోల్గార్ రికార్డు పోయింది. 2600 రేటింగ్ దాటిన మహిళల్లో పోల్గార్ తర్వాత రెండో పేరు ఈమెదే. పాప పుట్టాక తిరిగి వచ్చి 2019లో మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ టైటిల్, ఐదేళ్ల తర్వాత 2024లో న్యూయార్క్‌లో మళ్లీ అదే టైటిల్. 2025లో బటూమిలో ప్రపంచ కప్ ఫైనల్ దాకా వెళ్లి, తన వయసులో సగం ఉన్న దివ్య దేశ్‌ముఖ్ చేతిలో టైబ్రేక్‌లో ఓడింది. 2002లో సంచలనం అయిన అమ్మాయి 2025లోనూ ఫైనల్లో కూర్చుంది. సింధు, గోపీచంద్ అభిమానులు కూడా ఒక నిమిషం దీని గురించి ఆలోచించండి.

గోదారిగట్టు · ఆదివారం, 3:25

కాదనడం లేదు. కానీ ఆటస్థలం గోడ మీద కుర్చీలో కూర్చున్న బొమ్మా?

నల్లగడి · ఆదివారం, 3:31

వాన కురిసిన రోజు మీ ఆటస్థలంలో ఏ ఆట ఆడతారో చెప్పండి.

ఎత్తుబరువు · ఆదివారం, రాత్రి 8:20

నేను కుర్రతనంలో ఆరేళ్లు బరువులెత్తాను. జిల్లా స్థాయి దాటలేదు, కాబట్టి గొప్పలేమీ లేవు. మల్లీశ్వరి పక్కన ఏ అంకె రాస్తారో అని ఆగాను, ఎవరూ ఎత్తలేదు. నేనే చెబుతాను.

2000 సెప్టెంబర్ 19, సిడ్నీ. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు వెయిట్‌లిఫ్టింగ్ పెట్టడం అదే మొదలు. ఆమె 1994, 1995 ప్రపంచ టైటిళ్లు 54 కిలోల విభాగంలో వచ్చినవి. సిడ్నీలో దిగింది 69 కిలోల విభాగంలో. స్నాచ్‌లో, అంటే ఒకే ఊపులో తల మీదికి, 110; క్లీన్ అండ్ జెర్క్‌లో, అంటే భుజాల దగ్గర ఆపి తల మీదికి, 130; కలిపి 240. చైనా లిఫ్టరు లిన్ వైనింగ్, హంగరీ లిఫ్టరు మార్కుస్ ఇద్దరూ 242.5 దగ్గర ఆగారు. ఒంటి బరువు తక్కువ ఉన్నందుకు లిన్ ముందుంది. మల్లీశ్వరికి ఇంకొక్క ప్రయత్నం మిగిలింది. బార్ మీద 137.5 పెట్టించారు. లేస్తే 247.5, స్వర్ణం. పూర్తి కాలేదు.

ఆ కాంస్యంతోనే ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. అందరూ 240 రాస్తారు. నన్నడిగితే 137.5 రాయాలి. మీ వంటగదిలో యాభై కిలోల బియ్యం బస్తాలు ఉంటాయి కదా మాస్టారూ, రెండు బస్తాలు పెట్టి మూడోదాంట్లో ముప్పావు వంతు కలపండి. ఆ బరువును తల మీదికి ఎత్తడానికి ఆమె వంగింది. పిల్లలు ఆ మూడు బస్తాల పక్కన ఒకసారి నిలబడి చూడాలి.

గోదారిగట్టు · ఆదివారం, 8:45

ఆగండి. 135 పెట్టినా 245 అయ్యేది కదా? అదీ స్వర్ణమే. ఆ రెండున్నర కిలోలు ఎందుకు పెంచినట్టు?

ఎత్తుబరువు · ఆదివారం, 8:58

ఇరవై ఐదేళ్లుగా ఈ ప్రశ్న అడుగుతూనే ఉన్నారు. మంచం మీద కూర్చుని లెక్క కట్టడం మనకు తేలిక. వేదిక వెనక ఉన్న నిమిషంలో ప్రత్యర్థి ఏం చేసింది, తన ఒళ్లు ఏం చెబుతోంది, ఇంకా ఎంత సమయం ఉంది, ఇవన్నీ ఒకేసారి తలలో తిరుగుతుంటాయి. నేను 80 కిలోల దగ్గరే లెక్క తప్పిన మనిషిని.

డల్లాస్‌డాబా · సోమవారం, ఉదయం 5:40

ఇక్కడ ఆదివారం సాయంత్రం. చదువుతుంటే మా బడి గుర్తొచ్చింది, మాకు గోడ మీద కొటేషన్లు తప్ప మనుషులు ఉండేవారు కాదు.

ఎత్తుబరువు గారితో ఏకీభవించలేను. బడి గోడ మీద లేవని బరువు రాయడం ఏమిటి? రేపు ఎవరో తండ్రి వచ్చి "ఇదేమిటి, ఓడిపోయిన అంకె రాశారు" అంటే మాస్టారు ఏం చెబుతారు? సింధు కింద కూడా ఇలాగే వాదిస్తే, 2017 గ్లాస్గో ఫైనల్ 110 నిమిషాలు రాయాలంటారు. జపాన్ అమ్మాయి ఒకుహరాతో 19-21, 22-20, 20-22. రెండో గేమ్ 73 షాట్ల ర్యాలీతో ముగిసింది. నేను ఇక్కడ తెల్లవారుజామున లేచి చూశాను, గుండె నొప్పి వచ్చినంత పనైంది. అయినా నేను రాయమనేది 21-7, 21-7. 2019లో బాసెల్‌లో అదే ఒకుహరా మీద, 38 నిమిషాల్లో. దేశానికి బ్యాడ్మింటన్‌లో తొలి ప్రపంచ స్వర్ణం.

పాతపేపరు · సోమవారం, 7:15

మీరే చెప్పారు: 110 నిమిషాలకు లేచి చూశారు, 38 నిమిషాల ఆట గురించి మాత్రం ఒక్క వాక్యం. ఏది గుర్తుందో మీ పోస్టే సాక్ష్యం.

డల్లాస్‌డాబా · సోమవారం, 7:22

పట్టేశారు.

ట్రాక్‌పక్కన · సోమవారం, మధ్యాహ్నం 12:50

అంకెల గొడవ వచ్చింది కాబట్టి విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి కథ వినండి. 100 మీటర్ల హర్డిల్స్. జాతీయ రికార్డు 13.38 సెకన్లు, 2002లో అనురాధా బిస్వాల్ పెట్టినది. 2020లో మూడబిద్రిలో అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో జ్యోతి 13.03లో పరుగెత్తింది. రికార్డు ఇవ్వలేదు, అక్కడ డోపింగ్ పరీక్ష జరగలేదు కాబట్టి. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09. అదీ ఇవ్వలేదు. వెనక నుంచి వీచే గాలి సెకనుకు 2 మీటర్లు మించకూడదు, ఆ రోజు 2.1 ఉంది. ఎంత తేడా? ఒక్క దశాంశం.

మే నెలలో సైప్రస్‌లోని లిమాసోల్‌లో 13.23 పరుగెత్తాక అధికారికంగా రికార్డు ఆమెదయింది. అంటే తాను అప్పటికే రెండుసార్లు పరుగెత్తిన దానికన్నా నెమ్మదైన పరుగుతో! తర్వాత ఇక ఆగలేదు. 2023లో చెంగ్డూలో 12.78. బ్యాంకాక్‌లో ఆసియా ఛాంపియన్, 2025లో గుమిలో మళ్లీ ఛాంపియన్. బ్యాంకాక్‌లో ఆమె టైము ఎంతో తెలుసా? 13.09. కోజికోడ్‌లో గాలికి పోయిన అదే అంకె స్వర్ణమై తిరిగొచ్చింది. పారిస్‌లో ఈ ఈవెంటులో ఒలింపిక్స్‌కు వెళ్లిన తొలి భారతీయురాలు కూడా ఆమెనే.

నా ఓటు 13.09కి. ఆ బొమ్మ పక్కన స్తంభం మీద 83.8 సెంటీమీటర్ల ఎత్తున ఒక గీత గీయించండి. అది హర్డిల్ ఎత్తు. అటువంటివి పది.

పొరుగూరు · సోమవారం, 2:05

పరుగంటే వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజిని మరవొద్దు. మేధో వైకల్యం ఉన్నవారి టీ20 విభాగం, 400 మీటర్లు. 2024 మేలో కోబేలో 55.07తో ప్రపంచ రికార్డు, స్వర్ణం. సెప్టెంబర్‌లో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం. ఏ బడిలోనైనా వెనక బెంచీలో, ఎవరూ పలకరించని పిల్ల ఒకరు ఉంటారు. మీ బడిలోనూ ఉండే ఉంటారు మాస్టారూ.

విజయవాడ జ్యోతి సురేఖ సంగతి కూడా అన్యాయమే. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల విలువిద్యలో మూడు పోటీల్లో మూడు స్వర్ణాలు. కానీ ఆమెది కాంపౌండ్ విల్లు, ఒలింపిక్స్‌లో ఇప్పటిదాకా దానికి చోటు లేదు. 2028 లాస్ ఏంజెలెస్‌లో మిక్స్‌డ్ టీముకు మాత్రం ఇస్తున్నారు. పతకాల పట్టికలో లేనందుకు ఆమె పేరు చాలామందికి తెలియదు.

నాగావళి · సోమవారం, సాయంత్రం 6:30

శ్రీకాకుళం గోడ మీద కోడి రామ్మూర్తి నాయుడు గారు లేకపోవడమా! వీరఘట్టంలో పుట్టిన కలియుగ భీముడు. ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్నారు, గొలుసులతో కార్లను ఆపారు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే. మా తాత చెప్పిన కథల్లో సగం ఆయనవే.

ట్రాక్‌పక్కన · సోమవారం, 6:44

గౌరవం ఉంది. కానీ అంకె ఏది? ఏనుగు బరువు ఎంత?

నాగావళి · సోమవారం, 6:51

ఏనుగంత.

డ్రిల్లుమాస్టారు · మంగళవారం, రాత్రి 9:30

రేపు ఉదయం ఆర్టిస్టు వస్తాడు. ఇప్పటికి తేల్చినది: మల్లీశ్వరి, గోపీచంద్, లక్ష్మణ్ (పక్కపక్కన, పాతపేపరు గారి మాట ప్రకారం), సింధు, హంపి, యర్రాజి, దీప్తి, రహీం గారు. ఎనిమిది అయిపోయాయి.

మిథాలీ లేదు. రాస్తుంటేనే బాధగా ఉంది. క్రికెట్‌కు రెండో గడి ఉంచుకుందామనుకున్నాను, అది రహీం గారికి వెళ్లింది. సానియా లేదు: ఆరు గ్రాండ్‌స్లామ్ డబుల్స్ టైటిళ్లు, డబుల్స్‌లో ప్రపంచ ప్రథమ స్థానం, అయినా చోటు చాలలేదు. నిఖత్ జరీన్ బాక్సింగ్‌లో రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్, ఆమె కూడా లేదు. రామ్మూర్తి నాయుడు గారి బొమ్మ గేటు తలుపు మీద వేయిస్తాను, అది గోడ లెక్కలోకి రాదు.

ఒక గడి ఖాళీగా ఉంచి "ఇక్కడ నీ బొమ్మ" అని రాయించమని మా హెడ్మాస్టరు గారు సలహా ఇచ్చారు. వద్దన్నాను. ఖాళీ గడి ఉంటే మా వాళ్లు దాని మీద వికెట్లు గీస్తారు.

చార్మినార్‌చాయ్ · మంగళవారం, 9:48

మిథాలీని తీసి లక్ష్మణ్‌ను ఉంచారా? నేను రెండు రోజులు మాట్లాడను.

ఫాలోఆన్ · మంగళవారం, 9:52

మంచిది.

ఎత్తుబరువు · మంగళవారం, 10:15

అంకె సంగతి చెప్పలేదు మాస్టారూ.

డ్రిల్లుమాస్టారు · గురువారం, సాయంత్రం 5:20

అయిదు బొమ్మలు పూర్తయ్యాయి. రహీం గారి బొమ్మకు పాత నలుపు తెలుపు ఫొటో ఒకటే దొరికింది. కోటు రంగు ఏమిటని ఆర్టిస్టు అడిగితే ఎవరమూ చెప్పలేకపోయాం, బూడిద రంగు వేశాడు. స్తంభం మీద 83.8 గీత గీసీ గీయకముందే ఎనిమిదో తరగతి వాళ్లు వరస కట్టి దాని పక్కన నడుములు కొలుచుకున్నారు. బస్తాలు కూడా పెట్టించాను. వంటమనిషి రెండే ఇచ్చింది, మూడోది శుక్రవారం వంటకు కావాలట. పదో తరగతి కుర్రాళ్లు ఇద్దరు కలిసి ఒకదాన్ని మోకాలి దాకా లేపారు.

ఎత్తుబరువు గారూ, మీరు చెప్పిన 137.5 రాయించాలనే వెళ్లాను. డబ్బు పెట్టిన పెద్దాయన పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు, ఆయన 240 దగ్గర పట్టుబట్టారు. సరేనన్నాను. ఆర్టిస్టు "కరణం మల్లీశ్వరి 240" అని రాశాడు. సర్పంచి గారు వచ్చి "240 ఏమిటి?" అన్నారు. కిలోలు అన్నాం. రాయమన్నారు. చివర మిగిలిన చోటు ఒక్క అక్షరానిది. ఆర్టిస్టు దాంట్లో "కి" అని పెట్టి బ్రష్షు కడుక్కున్నాడు.

ఇప్పుడు గోడ మీద "కరణం మల్లీశ్వరి 240కి" అని ఉంది.

గోదారిగట్టు · గురువారం, 5:31

సంతలో ధర చెప్పినట్టు.

ఎత్తుబరువు · గురువారం, 5:40

సున్నం కొట్టించి మళ్లీ రాయించండి మాస్టారూ. ఈసారి ఆ పెద్దాయన భోజనానికి వెళ్లినప్పుడు.

డ్రిల్లుమాస్టారు · గురువారం, 6:05

నీలం రంగు అయిపోయింది. శనివారం టెక్కలి నుంచి వస్తుంది.